నోటినిండా మజ్జిగ

పొట్నూరు గవరయ్య మాస్టారు తన జన్మలో ఒకే ఒక్క సినిమా తీశారు. దాన్ని చూసి ఒక్కరు కూడా నవ్వలేదు. నవ్వురాని సినిమాలు వారానికి నాలుగు వస్తూనే ఉన్నాయి, ఇందులో విశేషమేముంది అంటారేమో. ఆయన తీసింది నవ్వించడానికి.

సినిమా పేరు ‘బాంబుగారు వేంచేస్తున్నారు’. ఎనభై అయిదులో మా కంచరపేట టాకీసులో నాలుగు రోజులు ఆడింది. ఒక తాలూకా ఆఫీసుకు పైనుంచి టెలిగ్రాం వస్తుంది. గురువారం సాయంత్రం నాలుగింటికి మీ ఊరిమీద అణుబాంబు పడును, తగు ఏర్పాట్లు చేయవలెను అని. తాసిల్దారుకు పైనుంచి దిగేవాళ్ళంటే మంత్రులూ కలెక్టర్లే తెలుసు. అంచేత ఆ ఏర్పాట్లే మొదలుపెడతాడు. రోడ్డుపక్క రాళ్ళకు సున్నం వేయిస్తాడు, కుక్కల్ని పట్టిస్తాడు, స్వాగత తోరణం కట్టిస్తాడు. జనం రక్షణ కోసం ఒక ఉత్తర్వు కూడా జారీ చేస్తాడు. అణుధూళి నెత్తిన పడకుండా ప్రతి పౌరుడూ గొడుగు వేసుకోవలెను. అది నోట్లోకి పోకుండా నోటినిండా మజ్జిగ పట్టి, మింగకుండా, ఉమ్మకుండా నిలబడవలెను. నేలమీద పడిన ధూళిని స్త్రీలు చేటలతో చెరిగి పొరుగు తాలూకాలోకి పంపవలెను.

ఇంతకంటే నవ్వించేది ఇంకేముంటుందని మాస్టారు అనుకున్నారు. మొదటాటకు వెళ్ళి వెనక వరసలో చెవులు రిక్కించి కూర్చున్నారు. తెరమీద గవర్నమెంటు జీపు కనబడగానే జనం, ఇది ఆటకు ముందు వేసే సర్కారువారి డాక్యుమెంటరీ అనుకున్నారు. అసలు సినిమా ఎప్పుడు వేస్తారా అని రెండు గంటలు ఓపిగ్గా ఎదురుచూశారు. లైట్లు వెలిగాక కూడా కొంతమంది లేవలేదు. మాస్టారు మర్నాడు తిన్నగా హైస్కూలుకు వెళ్ళి, సెలవు రద్దు చేసుకుని, మళ్ళీ లెక్కలు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

నలభై ఏళ్ళు గడిచాయి. ఈమధ్య పాత సినిమాలు తవ్వి తీయడం ఒక మోజుగా మారింది. ఎవరూ చూడని సినిమాను కల్ట్ సినిమా అంటారని నాకూ ఈమధ్యే తెలిసింది. మూతబడిన టాకీసు కేబిన్‌లో మాస్టారి సినిమా రీళ్ళు దొరికాయి. ఎవరో సిటీ కుర్రాళ్ళు వాటిని శుభ్రం చేసి పెన్‌డ్రైవులోకి ఎక్కించి, అణు ప్రమాదం మీద మన భాషలో వచ్చిన ఏకైక వ్యంగ్య చిత్రం అని కంప్యూటర్లో వ్యాసాలు రాశారు. వాళ్ళలో సగం మంది సినిమా చూశారట కూడా.

నేను పోస్టాఫీసులో ముప్పైమూడేళ్ళు ముద్రలు కొట్టి రిటైరైన మనిషిని. మా ఊరి ఫిల్మ్ సొసైటీకి కార్యదర్శిని. సభ్యులం పదకొండు మందిమి, అందులో ఇద్దరు కాఫీ కోసం వస్తారు. సినిమాను టౌన్‌హాల్లో ఒకసారి వేద్దామని తీర్మానం చేసి, మాస్టారికి చెప్పడానికి వెళ్ళాను. ఆయనకు ఎనభై మూడు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి కూడా దసరా దాకా ఉంటే గొప్పని డాక్టరు చెప్పాడు.

‘‘ఎంతమంది వస్తారు?’’ అని అడిగారు.

‘‘రెండొందల మందైనా వస్తారు మాస్టారూ.’’

‘‘రెండొందలు అక్కర్లేదయ్యా. నవ్వేవాళ్ళు నలుగురు చాలు. చెవి పోయేలోగా ఒక్కసారి వింటే చాలు నాకు.’’

ఆ ఒక్క మాట కోసమే నేను టౌన్‌హాలుకు దరఖాస్తు పెట్టాను. మునిసిపల్ కమిషనర్‌గారు అందులో బాంబు అన్న మాట చూసి, ఇది తన పరిధిలోది కాదని జిల్లా విపత్తుల కార్యాలయానికి తోసేశారు.

మా ఊరికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున ఒక అణువిద్యుత్ కేంద్రం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళకు అణు ప్రమాద రక్షణ ప్రణాళిక పంపండి అని పైనుంచి విపత్తుల కార్యాలయానికి అప్పటికి పదకొండు ఉత్తరాలు వచ్చాయి. పన్నెండోదాంట్లో పది రోజుల గడువు పెట్టారు. ఆ పని చూసే ప్రత్యేకాధికారి కిల్లంశెట్టి వరహాలరావుగారు ఫైలు తెరిచి చూస్తే అందులో ఆ పన్నెండు ఉత్తరాలే ఉన్నాయి. సరిగ్గా ఆ రోజే, కథాసంగ్రహం జతచేసిన మా దరఖాస్తు ఆయన బల్లమీదికి చేరింది.

మాకు పిలుపు వచ్చింది.

‘‘సదరు చిత్రమందు అణు రక్షణకు సంబంధించిన ఉత్తర్వు ఒకటి ఉన్నట్లు మా దృష్టికి వచ్చినది’’ అన్నారు వరహాలరావుగారు. మనిషి సన్నగా, తెల్ల చొక్కాలో, ఇప్పుడే ఇస్త్రీ చేసినట్టు ఉంటారు. ‘‘అనుమతికి ముందు దానిని మేము తనిఖీ చేయవలసి యుండును.’’

తనిఖీ మీటింగు హాల్లో జరిగింది. తొమ్మిది శాఖల నుంచి తొమ్మిది మంది అధికారులు నోటుపుస్తకాలతో వచ్చారు. మాస్టారు ఉతికిన పంచె కట్టుకుని, బాగున్న చెవి వాళ్ళవైపు పెట్టుకుని వెనక కుర్చీలో కూర్చున్నారు. నలభై ఏళ్ళ తరవాత మొదటి ప్రేక్షకులు వాళ్ళు.

తాసిల్దారు టెలిగ్రాం చదువుకుని, బాంబుగారికి శాకాహారమా మాంసాహారమా అని అడిగే సీను వచ్చింది. హాల్లో చప్పుడు లేదు. ఆరోగ్యశాఖాయన ఏదో రాసుకున్నారు. మజ్జిగ సీను వచ్చింది. వ్యవసాయశాఖాయన చెయ్యెత్తి, ‘‘కొంచెం వెనక్కి వెయ్యండి. గేదె మజ్జిగా, ఆవు మజ్జిగా అన్నది స్పష్టంగా లేదు’’ అన్నారు. చేటల సీను దగ్గర సినిమా మూడుసార్లు ఆపారు. చెరిగేటప్పుడు మోచెయ్యి ఎంత ఎత్తున ఉండాలో స్త్రీ శిశు సంక్షేమశాఖావిడ బొమ్మ గీసుకున్నారు.

లైట్లు వేశాక వరహాలరావుగారు లేచి వచ్చి, మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నారు.

‘‘ఇంత సమగ్రమైన ప్రణాళికను నలభై సంవత్సరముల క్రితమే రూపొందించిన తమ దార్శనికత శ్లాఘనీయము.’’

‘‘నవ్వు రాలేదా అండీ?’’ అన్నారు మాస్టారు.

‘‘ప్రజల ప్రాణములకు సంబంధించిన విషయము. నవ్వెట్లు వచ్చును?’’

నాలుగో రోజున కంచరపేట అణు రక్షణ ప్రణాళిక పైకి వెళ్ళింది. ఆరో రోజున ఆమోదమై తిరిగొచ్చింది. మా ప్రభుత్వంలో ఇంత తొందరగా కదిలిన కాగితాన్ని నేనైతే పోస్టాఫీసు సర్వీసంతటిలో చూడలేదు. దాంతోపాటు మా దరఖాస్తుకు కూడా జవాబు వచ్చింది. సదరు చిత్రము జిల్లా రక్షణ ప్రణాళికలో అంతర్భాగమైనందున రహస్య పత్రముగా పరిగణించబడును, ప్రజలకు చూపరాదు. పెన్‌డ్రైవు కూడా పట్టుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇక పనులు చకచకా జరిగాయి. ఇంటింటికీ చేటలు పంచారు. మొదట ప్లాస్టిక్ చేటలు వచ్చాయి. సినిమాలో వెదురు చేటలున్నాయి కనుక అవి ప్రణాళికకు విరుద్ధమని వెనక్కి పంపి, వెదురువి తెప్పించారు. వార్డుకొక మజ్జిగ పర్యవేక్షకుణ్ణి వేశారు. ఒక పుక్కిట ఎంత మజ్జిగ పడుతుందో కొలవడానికి మెడికల్ కాలేజీ నుంచి ఇద్దరు వచ్చి, మా వీధిలో పదిహేను మంది నోళ్ళు కొలిచి వెళ్ళారు. నాది సగటుకంటే ఎక్కువ అన్నారు.

చిక్కల్లా చెరిగే దిక్కు దగ్గర వచ్చింది. సినిమాలో ఉన్నట్టే మావాళ్ళు ధూళిని ఉత్తరానికి, అంటే పక్క జిల్లాలోకి, చెరగాలని నిర్ణయించారు. మర్నాడే పక్క జిల్లా నుంచి ఘాటైన లేఖ వచ్చింది. మీ అణుధూళిని మా జిల్లాలోకి చెరుగుట తీవ్ర అభ్యంతరకరము, మేము కూడా చేటలు సమకూర్చుకొనుచున్నాము, మరియు మా చేటలు పెద్దవి. రెండు జిల్లాల అధికారులూ సరిహద్దు దగ్గర డాక్‌బంగళాలో కూర్చుని రెండు రోజులు చర్చలు జరిపారు. సముద్రంవైపు చెరుగుదామంటే మత్స్యశాఖ ఒప్పుకోలేదు. కొండవైపు చెరుగుదామంటే అటవీశాఖ ఒప్పుకోలేదు. చివరికి నిట్టనిలువుగా పైకి చెరగాలని ఒప్పందం కుదిరింది. ఆకాశం కేంద్రం కిందికి వస్తుంది కాబట్టి వాళ్ళ అభ్యంతరం వచ్చేసరికి కనీసం ఆర్నెల్లు పడుతుందని లెక్కవేశారు.

ఒప్పందం వార్త పేపర్లో చదివిన రోజు మాస్టారు నా దగ్గరికి వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది.

‘‘ఆ కేంద్రంలో నిజంగా ఏదన్నా జరిగితే వీళ్ళు జనాన్ని రోడ్డుమీద నిలబెట్టి చేటలిస్తారయ్యా. నా సినిమా చంపుతుంది జనాన్ని. ఇది హాస్యమని వాళ్ళని ఎలాగో ఒప్పించాలి.’’

ఇద్దరం వెళ్ళాం. వరహాలరావుగారు కుర్చీలు చూపించి, టీ తెప్పించారు.

‘‘ఇది హాస్యమని తాము అంటున్నారు. రుజువు?’’

‘‘తీసింది నేనండీ.’’

‘‘తీసినవారి మాట చెల్లదు. చూసినవారు నవ్వవలెను. ఎవరైనా నవ్వినట్లు ఆధారమున్నదా?’’ అంటూ ఫైల్లోంచి ఒక పాత కాగితం తీశారు. ఎనభై అయిదులో ఒక వారపత్రిక రాసిన సమీక్ష. ‘ప్రభుత్వం ప్రజలకు అందించవలసిన విలువైన సమాచారం ఇందులో పుష్కలంగా ఉంది’ అని ఉంది. ‘‘ఇది మా వద్దనున్న ఆధారము. నవ్విన ప్రేక్షకుడొక్కరి వాఙ్మూలము తీసుకొని రండి. పరిశీలించెదము.’’

నలభై ఏళ్ళ క్రితం నవ్విన మనిషి కోసం ఊరంతా తిరిగాం. టాకీసు ఆపరేటరు సింహాద్రి, ‘‘నాను నిద్దరోయినాను బాబూ, రీలు మారినపుడల్లా లేసీవోణ్ణి’’ అన్నాడు. టిక్కెట్లు చించినతను పోయాడు. అప్పట్లో మొదటాట చూసిన ముగ్గురు దొరికారు. అసలు సినిమా ఎందుకు వెయ్యలేదని ఆ ముగ్గురూ మామీదే కోప్పడ్డారు.

ఆఖరికి పైడమ్మ దొరికింది. అప్పట్లో టాకీసులో జంతికలూ వేరుశనక్కాయలూ అమ్మేది. ఇప్పుడు బస్టాండులో అమ్ముతోంది.

‘‘సూడకేటి బాబూ, నాలుగు రోజులూ సూసినాను’’ అంది. ‘‘ఆ తాసిల్దారోడు బాంబుగోరు మాంసం తింటారా అనడిగినాడు సూడు, కడుపు సెక్కలైపోనాది.’’

మాస్టారు అక్కడే ఉన్న బల్లమీద కూలబడ్డారు. ‘‘నవ్వావా అమ్మా?’’

‘‘నవ్వొచ్చీసింది. కానీ హాలంతా గమ్మునుంటే ఆడదాన్ని నానొక్కర్తినీ ఎలాగ నవ్వీది? కొంగు నోట్లో కుక్కీసుకున్నాను.’’ ఆవిడ మాస్టారివైపు పరీక్షగా చూసింది. ‘‘నువ్వేనేటి తీసినోడివి? నీకప్పుడే సెప్పాల్సింది. తప్పయిపోనాది.’’

మాస్టారు పైకి ఏడవలేదు గాని, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నలభై ఏళ్ళుగా తనకు నవ్వించడం చేతకాలేదనుకుంటున్న మనిషి ఆయన.

పైడమ్మ వాఙ్మూలం వేలిముద్రతో సహా పట్టుకెళ్ళాం. వరహాలరావుగారు రెండుసార్లు చదివారు.

‘‘శబ్దము బయటకు రాలేదు. లోపల నవ్వినది నవ్వు క్రిందికి రాదు. చింతించుచున్నాము’’ అని కాగితం తిరిగిచ్చారు. ‘‘వచ్చే గురువారము నాలుగింటికి పట్టణమందు రక్షణ కసరత్తు జరుగును. తాము ముఖ్య అతిథిగా రావలెను.’’

గురువారం నాలుగింటికి సైరన్ మోగింది. మెయిన్‌రోడ్డు పొడుగునా ఊరు ఊరంతా బారులు తీరింది. ఎర్రటి ఎండలో వేలకొద్దీ గొడుగులు. రోడ్డుపక్క రాళ్ళకు కొత్త సున్నం. మజ్జిగ పర్యవేక్షకులు గ్లాసులతో వరసంటా నడుస్తూ, ఒక్కొక్కరి చేత పుక్కిట పట్టించి, బుగ్గలు నొక్కి చూసి, పేరుపక్క టిక్కు పెట్టుకుంటున్నారు. బడిపిల్లలు, బ్యాంకు మేనేజరు, కోర్టు గుమాస్తాలు, అందరి బుగ్గలూ బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. మైకులో వరహాలరావుగారి గొంతు వినబడింది. ‘‘స్త్రీలు చేటలెత్తవలెను. దిశ, ఊర్ధ్వము. చెరుగుడు!’’

నాలుగు వేల మంది ఆడవాళ్ళు ఖాళీ చేటలతో ఆకాశాన్ని చెరగడం మొదలుపెట్టారు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. ముఖ్య అతిథి కుర్చీలో మాస్టారు తల దించుకుని కూర్చున్నారు. వరహాలరావుగారు వేదిక దిగి, తనిఖీ చేసుకుంటూ వచ్చి, బస్టాండు ఎదుట ఒక ముసలావిడ ముందు ఆగారు.

‘‘మోచెయ్యి ఇంకొంచెము పైకి’’ అన్నారు.

ఆ ముసలావిడ పైడమ్మ. ఒక చేతిలో చేట, ఇంకో చేతిలో గొడుగు. కొంగు అడ్డం పెట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. ఆవిడ బుగ్గలు రెండుసార్లు అదిరాయి. కళ్ళు పెద్దవయ్యాయి. తరవాత పుక్కిట్లో ఉన్న మజ్జిగంతా వరహాలరావుగారి తెల్ల చొక్కామీద పడింది. ఆవిడ రోడ్డుమీద చతికిలబడి, చేటతో నేలను కొడుతూ, ఊరు దద్దరిల్లేలా నవ్వింది.

పక్కావిడ ఆపుకోలేకపోయింది. ఆ పక్కాయన మజ్జిగ మూడు గొడుగుల అవతలకి ఎగిరింది. ఆ తరవాత నవ్వు రోడ్డు పొడుగునా గడియారస్తంభం దాకా పోయి వెనక్కొచ్చింది. బ్యాంకు మేనేజరు స్తంభం పట్టుకుని నవ్వాడు. మజ్జిగ పర్యవేక్షకులు పుస్తకాలు పారేసి నవ్వారు. మాస్టారు లేచి నిలబడి, తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసుకుని వింటున్నారు. ఆయన కూడా నవ్వుతున్నారు. నేను ఆయన్ని అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

కాసేపటికి ఆయన, మజ్జిగ కారుతున్న చొక్కాతో నిలబడిపోయిన వరహాలరావుగారి దగ్గరికి వెళ్ళారు.

‘‘శబ్దం వచ్చింది కదండీ. ఇప్పటికైనా నమ్ముతారా ఇది హాస్యమని?’’

వరహాలరావుగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. ఆఫీసు భాష ఆయన నోట్లోంచి ఎటు పోయిందో పోయింది.

‘‘నాకు మొదటి రోజే తెలుసు మాస్టారూ. బాంబుగారి భోజనం సీనులో నోటుపుస్తకం మొహానికి అడ్డెట్టుకున్నాను. కానీ ఏం చెయ్యమంటారు? మీ సినిమా తీసేస్తే ఆ ఫైల్లో ఇంకేం లేదు.’’

‘‘ఏమీ లేదా?’’

‘‘పన్నెండు ఉత్తరాలున్నాయి.’’

మాస్టారి నవ్వు ఆగిపోయింది. రోడ్డుమీద జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆయన వాళ్ళను చాలాసేపు చూసి, ‘‘ఫైల్లోకి నేను రాసిస్తాను. ఇరవై రోజులు టైమివ్వండి’’ అన్నారు.

లెక్కల మాస్టారు కదా, లెక్కలతో మొదలుపెట్టారు. ఊరి జనాభా నలభై రెండు వేలు. బస్సుకు యాభై అయిదుగురు. డిపోలో ఉన్నవి పద్నాలుగు, అందులో కదిలేవి తొమ్మిది. ఏ నెలలో గాలి ఎటునుంచి వీస్తుందో జాలర్లను అడిగి రాసుకున్నారు. ఊరు వదిలి వెళ్ళడానికి మూడు దారులుంటే, ఒకదాని మీద వంతెన కూలి రెండేళ్ళయింది. ఆస్పత్రిలో మంచం దిగలేని వాళ్ళెందరు, వాళ్ళను ఎవరు మొయ్యాలి, అణుధూళి సోకితే మింగాల్సిన అయోడిన్ మాత్రలు ఏ ఇంట్లో ఎన్ని ఉండాలి, సైరన్ వినబడని పేటలేవి, అన్నీ తిరిగి చూసి రాశారు. ఆయన చెవి తగ్గిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఒక్కో జవాబు మూడుసార్లు గట్టిగా చెప్పించుకునేవారు. డెబ్భై పేజీలయింది. అందులో ఒక్క చోటైనా నవ్వు రాకుండా జాగ్రత్తపడ్డానని నాతో చెప్పారు. వరహాలరావుగారు దాన్ని తన సంతకంతో, కొత్త ప్రణాళికగా, పైకి పంపారు.

రెండు నెలలకు రాష్ట్రస్థాయి సమావేశపు మినిట్సు వచ్చాయి. దసరా అప్పటికి వెళ్ళిపోయింది. నేను మాస్టారి కుడి చెవి దగ్గర నోరు పెట్టి, అరిచినట్టుగా చదివాను.

‘‘కంచరపేట పట్టణమునకు రెండు వందల బస్సులు, ప్రతి యింటికి ముందస్తుగా మాత్రలు, కూలిన వంతెనకు తక్షణ మరమ్మతు కోరుచు పంపిన ప్రతిపాదనను అధ్యక్షులవారు స్వయముగా చదివి వినిపించగా సభ్యులందరు పగలబడి నవ్విరి. ప్రతిపాదన హాస్యాస్పదముగా నున్నందున తిరస్కరించడమైనది. మజ్జిగ చిందిన దృష్ట్యా, ఇకమీదట గట్టి పెరుగు వాడుచు, పాత ప్రణాళికనే కొనసాగించవలెను.’’

మాస్టారు మళ్ళీ చదవమన్నారు. చదివాను.

‘‘నవ్వారా?’’

‘‘అందరూ నవ్వారనే రాశారండీ.’’

ఆయన తల ఊపి, కిటికీలోంచి రోడ్డువైపు చూశారు.

‘‘వంతెన గురించి ఇంకేమన్నా రాశారా?’’ అన్నారు.

కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను. లేదని తల అడ్డంగా ఊపాను.